కనకాంబరం రంగు చీర

1991లో మా అమ్మకి నలభై నిండాయి. ఆ ఏడాదే తన కనకాంబరం రంగు చీర తీసి పిన్నికి ఇచ్చేసింది.

అది మంగళగిరి నూలు చీర. ఒళ్ళంతా సాదా, ఎక్కడా ఒక్క బుటా లేదు. రెండు పక్కలా జరీ అంచు, కొంగు మీద జరీ చారలు, అంతే. మంగళగిరి నేత అందమే అది. గుంట మగ్గం మీద దగ్గరగా కొట్టి నేస్తారు కాబట్టి కొత్తలో గుడ్డ బిరుసుగా నిలబడుతుంది, ఉతికిన కొద్దీ ఒంటికి అలవాటు పడుతుంది. అమ్మ దానికి పల్చగా గంజి పెట్టి పెరట్లో ఆరేసేది. ఇంకా కాస్త తడి ఉండగానే తీసుకొచ్చి, అక్కకి ఒక కొస, నాకు ఒక కొస ఇచ్చేది. "గట్టిగా లాగండి, అంచు దగ్గర పట్టుకోండి" అంటూ తను మధ్యలో నిలబడి అరచేత్తో ముడతలు సవరించేది. అలా లాగి, మడతేసి పరుపు కింద పెడితే తెల్లారేసరికి ఇస్త్రీ చేసినట్టు ఉండేది. ఆ చీర కట్టుకుని అమ్మ తెనాలి బజారుకి బయల్దేరితే అడుగు అడుక్కీ కుచ్చిళ్ళు గరగరమనేవి. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

ఇచ్చేసేటప్పుడు అమ్మ అన్న మాట కూడా గుర్తుంది. "పెళ్ళీడు పిల్ల ఇంట్లో తిరుగుతుంటే నాకెందుకే ఈ రంగులు?" అప్పటికి అక్కకి పంతొమ్మిది, నాకు పదిహేను. పిన్ని వద్దు వద్దంటూనే తీసుకుంది. మ్యాచింగ్ జాకెట్టు కూడా చీర మడతలో పెట్టి ఇచ్చేసింది అమ్మ.

మా వీధికి నెలకోసారి చీరలాయన సైకిల్ మీద మూట వేసుకుని వచ్చేవాడు. మా అరుగు మీద దుప్పటి పరిచి మూట విప్పితే చుట్టుపక్కల ఆడవాళ్ళంతా చేరేవాళ్ళు. డబ్బులు వాయిదాల మీద. ఎవరు ఎంత ఇవ్వాలో జేబులోని చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. రంగుల పేర్లన్నీ నేను ఆ దుప్పటి దగ్గరే నేర్చుకున్నాను. చిలకపచ్చ, నెమలికంఠం, వంకాయ రంగు, ఉల్లిపొర రంగు, మెంతి రంగు, మిరపపండు, పాలపిట్ట, నేరేడు. ఈ రోజుకీ నాకు ఒక రంగు చెప్పాలంటే ముందు ఏ పువ్వో, పండో, పిట్టో మనసులోకి వస్తుంది.

అంతకుముందు ఆయన అమ్మ వైపుకి మామిడిపండు రంగూ, కనకాంబరమూ జరిపేవాడు. ఆ ఏడాది నుంచి రెండు కుప్పలు వేయడం మొదలుపెట్టాడు. "ఇవి అమ్మాయిలకి, ఇవి మీకమ్మా." అమ్మ కుప్పలో ముక్కుపొడి రంగు, బూడిద రంగు, ఇటుక రంగు ఉండేవి. పైగా సింథటిక్ చీరలు ఎక్కువ. ఉతికి ఆరేస్తే గంటలో ఆరిపోతుంది, గంజి పని లేదు, ఇస్త్రీ ఖర్చు లేదు. నలుగురి చాకిరీ ఒక్క మనిషి మీద పడే ఇళ్ళల్లో ఆ చీరలు నిజంగా పెద్ద ఉపకారమే చేశాయి, ఆ మాట కాదనను. కానీ మే నెలలో వంటింట్లోంచి బయటికొచ్చి, కొంగుతో మెడ తుడుచుకుంటూ ఫ్యాను కింద నిలబడిన అమ్మ మొహం నాకు గుర్తుంది. ఆ సింథటిక్ కొంగు చెమటని పీల్చుకోదు. తుడిచిన చోటే మళ్ళీ తుడుచుకుంటూ ఉండేది.

అదే రోజుల్లో మా మేనత్తకి యాభై దాటాయి. గుంటూరులో టీచరుగా చేసేది. ఆవిడ చీరల గురించి మా బంధువుల్లో అందరూ మాట్లాడుకునేవాళ్ళు, కొందరు మెచ్చుకుంటూ, కొందరు నొసలు ముడేస్తూ. ఒకసారి అక్క పెళ్ళిచూపులకి గద్వాల చీర కట్టుకుని వచ్చింది. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. నేరేడుపండు రంగు ఒంటికి పసుపచ్చ అంచు. గద్వాలలో ఒంటినీ అంచునీ పోగు పోగు కలిపి నేస్తారు, ఆ కలిపిన చోటు చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. నేను అలాగే చెయ్యి పెట్టి చూశాను. అత్తయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కొంగు తిరగేసి చూపించింది.

నన్ను నిజంగా ఆకట్టుకున్నది మాత్రం ఆవిడ జాకెట్టు. చేతులు మోచేతికి రెండంగుళాల పైదాకా ఉన్నాయి. మెడ గుండ్రంగా, వెనకాల మరీ లోతు లేకుండా ఉంది. భుజం మీద కుట్టు సరిగ్గా భుజం ఎముక దగ్గరే ఆగింది. చెయ్యెత్తి జడలో పూలు సర్దుకుంటే జాకెట్టు నడుము దగ్గర పైకి లేవలేదు. యాభై రెండేళ్ళ మనిషి అంత హాయిగా, అంత అందంగా కనిపించడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. అమ్మ వంటింట్లో బజ్జీలు వేస్తుంటే అత్తయ్య వెనకాలే వెళ్ళి, "నీకేమైందమ్మాయ్, ఆ ముక్కుపొడి రంగేంటి? పెళ్ళికూతురు తల్లివి, నిన్ను చూసి కూడా వాళ్ళు ఇల్లు ఎలాంటిదో అనుకుంటారు" అంది. అమ్మ నవ్వి, "నాకివి చాల్లే వదినా" అని బజ్జీలు తిప్పింది.

మా ఊరి టైలరు గురించి కూడా చెప్పాలి. కిరాణా కొట్టు పక్కన, పాదం మిషను ఒకటే ఉన్న చిన్న గది. మేమంతా ఆయన్ని బాబాయ్ అనేవాళ్ళం. కొలతలు తీసుకునేవాడు కాదు, ఆది జాకెట్టు ఇస్తే చాలు. అమ్మ ప్రతిసారీ ఒక మాట తప్పకుండా చెప్పేది. "పక్కల రెండు వేళ్ళ గుడ్డ వదులు బాబాయ్." తర్వాత ఒళ్ళు వస్తే కుట్టు విప్పుకోవడానికి. మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు గుడ్డ కొనేటప్పుడు చీర కొంగు వెంట తీసుకెళ్ళి, ట్యూబ్‌లైటు కింద నమ్మకుండా గుమ్మం బయటికి వచ్చి ఎండలో పెట్టి చూసేది. నేనూ అలాగే చూస్తాను ఇప్పటికీ.

తర్వాత అక్క పెళ్ళి అయింది, నా పెళ్ళి అయింది, నేను హైదరాబాద్ వచ్చి స్కూల్లో టీచరుగా చేరాను. అమ్మ ముక్కుపొడి రంగులు అలాగే సాగాయి.

2009లో ఆ సాగడం కాస్త ఆగింది. అక్క రెండో కాన్పుకి అమ్మ న్యూజెర్సీ వెళ్ళాలి, అదీ డిసెంబర్లో. అప్పటికి అమ్మకి యాభై ఎనిమిది. మంచులో చీర కుచ్చిళ్ళు తడిసిపోతాయని, కోటు కింద చీరతో నడవడం కష్టమని అక్క ఫోన్లో వారం రోజులు చెప్పింది. "ఈ వయసులో పంజాబీ డ్రెస్సా? మీ నాన్న ఏమంటారో" అని అమ్మ టెన్షన్ పడింది. నేను సెలవు పెట్టి వెళ్ళి అమ్మని మంగళగిరి తీసుకెళ్ళాను. తెనాలి నుంచి బస్సు దుగ్గిరాల మీదుగా పోతుంది. పసుపు యార్డు ఉన్న ఊరు కదా, ఆ దారిలో పసుపు వాసన తగిలితే అమ్మ ఎప్పుడూ కిటికీ వైపు తిరిగి గట్టిగా ఊపిరి పీలుస్తుంది.

మంగళగిరిలో చీరలతో పాటు అదే నేతలో డ్రెస్ మెటీరియల్ కూడా దొరుకుతుంది. కుర్తాకి రెండున్నర మీటర్ల చొప్పున నాలుగు ముక్కలు తీశాం. అమ్మ చెయ్యి అలవాటుగా బూడిద రంగు మీదకే వెళ్ళింది. నేను పాలపిట్ట రంగు ఒకటి, మిరపపండు ఒకటి కలిపాను. కాదనలేదు. బాబాయ్ దగ్గరికి వెళ్తే ఆయనకి కూడా అమ్మకి డ్రెస్ కుట్టడం కొత్తే. కాసేపు ఆలోచించి, "మోకాలు కిందకి నాలుగు వేళ్ళు పెడతానమ్మా. పక్క చీలిక నడుము దగ్గర నుంచి వద్దు, తుంటి కింద నుంచి పెడతా. చేతులు మోచెయ్యి దాటిస్తా" అన్నాడు. అమ్మ అడిగింది ఒక్కటే. "జేబు పెడతావా బాబాయ్?" చీరైతే చిన్న పర్సు బొడ్లో దోపుకునేది. మరి ఇందులో ఎక్కడ పెట్టుకుంటుంది? బాబాయ్ అన్ని కుర్తాలకీ కుడి పక్క కుట్టులో కలిపి, పైకి కనపడకుండా జేబు పెట్టాడు.

మొదటిసారి తలుపులు వేసుకుని వేసుకుంది. చున్నీ రెండు భుజాల మీదా పిన్నులు పెట్టుకుని, కొంగు కోసం ఎడమ చెయ్యి ఊరికే వెతుక్కుంటూ హాల్లోకి వచ్చింది. నాన్న పేపరు కిందకి దించి చూశారు. "నడవడానికి హాయిగా ఉందా?" అని అడిగారు. అమ్మ జేబులో చెయ్యి పెట్టి, "ఇదిగో, తాళాలు కూడా పడతాయి" అంది. అమెరికాలో తీసిన ఫోటోల్లో ఆ మిరపపండు కుర్తానే ఎక్కువ కనిపిస్తుంది. వెనకంతా తెల్లటి మంచు, మధ్యలో అమ్మ.

ఇక నా సంగతి. 2017లో నాకు నలభై ఒకటి. ఒక పెళ్ళికి వేసుకోవడానికి ఏదైనా కొత్తగా కొనుక్కుందామని హైదరాబాద్‌లో ఒక పెద్ద షోరూముకి వెళ్ళాను. లోపలికి అడుగు పెట్టగానే అక్కడి అమ్మాయి, "ఆంటీ, మీ ఏజ్ వాళ్ళకి అటు వైపు" అని చెయ్యి చూపించింది. ఆ వైపు క్రీము, మెరూన్, గోధుమ రంగు. చీరలాయన కుప్పలు గుర్తొచ్చాయి. ఇరవై ఆరేళ్ళ తర్వాత కూడా దుప్పటి మీద అవే రెండు కుప్పలు. నాకు చాలా బాధ కలిగింది, ఆ అమ్మాయి మీద కోపం మాత్రం రాలేదు. ఆమెకి ఎవరో అలా చెప్పి ఉంటారు.

ట్రయల్ రూములో ఒక జార్జెట్ అనార్కలి వేసుకున్నాను. అప్పటికే కొన్ని నెలలుగా నాకు ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు వచ్చేవి. ఛాతీ దగ్గర మొదలై మెడ మీదుగా మొహానికి పాకేది వేడి, రెండు నిమిషాల్లో జాకెట్టు తడిసిపోయేది. నలభై దాటిన ఆడవాళ్ళు చాలామందికి ఇది తెలిసిన విషయమే, మాట్లాడుకోవడమే తక్కువ. ఆ చిన్న గదిలో, జార్జెట్టూ దాని కింద పాలిస్టర్ లైనింగూ ఒంటికి అతుక్కుపోయి, నేను కొంగు కోసం చెయ్యి చాపాను. లేదు కదా. ఫ్యాను కింద నిలబడి మళ్ళీ మళ్ళీ మెడ తుడుచుకున్న అమ్మ ఆ అద్దంలో కనిపించింది నాకు. అప్పుడు అమ్మకీ ఇదే అయి ఉంటుంది. మేమెవరం అడగలేదు.

ఆ రోజు ఏమీ కొనకుండా వచ్చేశాను. తర్వాత ఒకటొకటిగా నేర్చుకున్నాను. రెడీమేడ్ కుర్తాల్లో సైజు పెరిగితే ఛాతీతో పాటు భుజం కూడా పెంచేస్తారు. మనకి ఒళ్ళు వచ్చేది నడుము దగ్గర, జబ్బల దగ్గర. భుజం ఎముక పెరగదు కదా. అందుకే పెద్ద సైజు వేసుకుంటే భుజం జారి, మనిషి అలిసిపోయినట్టు కనిపిస్తుంది. రంగుని తప్పుపడతాం కానీ తప్పు భుజం దగ్గర ఉంటుంది. ఇప్పుడు రెడీమేడ్ కొన్నా ముందు టైలరు దగ్గరికి తీసుకెళ్ళి భుజం లోపలికి వేయిస్తాను. జాకెట్టుకి నూలు లైనింగే. చంక మరీ కిందకి దించొద్దని చెప్తాను, దించితే చెయ్యెత్తినప్పుడల్లా మొత్తం జాకెట్టు పైకి లేస్తుంది. పొట్టి మనిషిని కాబట్టి జానెడు అంచులు వదిలేసి నాలుగు వేళ్ళ అంచుకి వచ్చాను. రోజూ స్కూలుకి వెంకటగిరి, మంగళగిరి. వెంకటగిరిది సన్నటి నూలు, ఎండాకాలం ఒంటి మీద ఉన్నట్టే ఉండదు. రంగు మాత్రం నాకు నచ్చినదే. మా స్కూల్లో ఆగస్టు 7న, చేనేత దినోత్సవం రోజు, టీచర్లం అందరం నేత చీరలు కట్టుకుంటాం. రిటైర్మెంటుకి దగ్గరపడిన మా తెలుగు టీచరు పోయిన ఏడాది చిలకపచ్చ పోచంపల్లి కట్టుకొస్తే పదో తరగతి పిల్లలు ఆవిడతో వరసగా నిలబడి ఫోటోలు దిగారు.

మొన్న సంక్రాంతికి పిన్ని తన బీరువా సర్దుతూ ఒక కవరు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. విప్పితే కనకాంబరం రంగు చీర. "మీ అమ్మది. నేను రెండు మూడు సార్లకి మించి కట్టలేదు, కట్టాలంటే అదే గుర్తొచ్చేది" అంది. జరీ నల్లబడింది. మడతలు పెట్టిన చోటల్లా నూలు చిట్లిపోయింది. చేత్తో ఎత్తి పట్టుకుంటే వెలుతురు గీతలు గీతలుగా అవతలికి కనిపించింది. చీర లోపల జాకెట్టు కూడా అలాగే ఉంది. పిన్ని అమ్మకంటే సన్నం, దాన్ని ముట్టుకోనే లేదు.

ఆ జాకెట్టు తిరగేసి చూశాను. చంక కింద నుంచి నడుము పట్టీ దాకా, చివరి కుట్టుకి లోపలి వైపు, పాత కుట్లు విప్పిన సూది బెజ్జాలు వరసలుగా ఉన్నాయి. ఒక వరస, దానికి వేలెడు దూరంలో ఇంకో వరస. వరసకీ వరసకీ మధ్య గుడ్డ రంగు ఒకేలా లేదు. మొదట్నుంచీ పైకి ఉన్న భాగం ఎండకీ ఉతుకుళ్ళకీ వెలిసి లేత గులాబీ అయిపోయింది. తర్వాత విప్పిన పట్టీ కొంచెం ముదురు. అన్నిటికంటే చివర విప్పిన పట్టీ ఇంచుమించు అసలు కనకాంబరం. ఆ చివరి కుట్టు అవతల గుడ్డ లేదు. అంచు ఒక్కటే మిగిలింది.

అమ్మ పక్కనే కూర్చుని ఉంది. డెబ్బై నాలుగేళ్ళు ఇప్పుడు. వేలుతో ఆ బెజ్జాల వెంట రాస్తూ, "ఇది కుట్టించినప్పటి కుట్టు. ఇది మీ తాతయ్య పోయిన మరుసటేడు విప్పించింది, అప్పుడే ఒళ్ళు వచ్చింది నాకు. ఇదేమో నలభై వచ్చినప్పుడు" అని చెప్పింది. కాసేపు ఊరుకుని, మళ్ళీ అంది. "అదీ పట్టలేదే. హుక్కులు లాగేస్తుంటే ఊపిరాడేది కాదు. ఆ రంగులో కొత్త గుడ్డ కోసం తెనాలంతా తిరిగాను, కలవలేదు. కొత్త చీర కొందామంటే అప్పుడు అక్క కాలేజీ ఫీజు, నీ టెన్త్ ట్యూషను. అందుకని ఇచ్చేశా."

"మరి పెళ్ళీడు పిల్ల అన్నావు?"

"ఏదో ఒకటి అనాలి కదా. అలా అంటే ఎవరూ ఇంకేం అడగరు."

నేను ఆ జాకెట్టు మడిచి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. ముప్పై ఏళ్ళకి పైగా అమ్మకి ఆ రంగు ఇష్టం పోయిందనే అనుకున్నాను నేను.

మర్నాడు కనుమ, ప్రయాణం వద్దంది అమ్మ. ముక్కనుమ నాడు పొద్దున్నే బయల్దేరాం. చీర కొంగు చివర చిన్న ముక్క కత్తిరించి నా పర్సులో పెట్టుకున్నాను. మంగళగిరిలో మొదటి రెండు కొట్లలో చూపించినవన్నీ నారింజకి దగ్గరగా ఉన్నాయి. మూడో కొట్లో పెద్దాయన ముక్క చేతిలోకి తీసుకుని, జాకెట్టు లోపలి చివరి పట్టీ పక్కన పెట్టి చూసి, పై అరలోంచి ఒక చీర దించాడు. అమ్మ దాన్ని పట్టుకుని ఎవరికీ చెప్పకుండా గుమ్మం బయటికి నడిచింది. ఎండలో ఒకసారి ముక్కని ఆనించి చూసింది, తిరగేసి ఇంకోసారి చూసింది. "ఇదే" అంది.

చీర నాకు. అదే రంగులో రెండున్నర మీటర్లు అమ్మకి. బాబాయ్ ఇప్పుడు లేరు, అందుకని రెండూ హైదరాబాద్ తెచ్చి మా అపార్ట్‌మెంటు కింద కుట్టే ఆవిడకి ఇచ్చాను. నా జాకెట్టుకి చేతులు మోచేతికి రెండంగుళాల పైదాకా, అత్తయ్యకి ఉన్నట్టే. పక్కల రెండేసి వేళ్ళ గుడ్డ వదలమన్నాను. నిన్న సాయంత్రం అమ్మ ఫోన్ చేసి తన కుర్తా గురించి అడిగింది. "జేబు కుడి పక్కే పెట్టమని చెప్పావా? ఎడమ చేత్తో కర్ర పట్టుకుంటాను కదా."

చెప్పానమ్మా అన్నాను.